ఫ్రేము వంగిన బండి: సరిచేయించాలా, మార్చాలా?

(కమ్యూనిటీ రేడియో తెలుగు కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

మోటారు సైకిళ్ళ గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యక్రమ నిర్వాహకులు అడిగారు. ఏ బండి కొనాలి, ఏ కంపెనీది మంచిది అని చెప్పేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. నేను చెప్పబోయేది బండి గుద్దుకున్న తరవాతి సంగతి. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే దాని ఫ్రేము సంగతి. మన ఊళ్ళలో దీన్నే ఛాసిస్ అంటాం, "ఛాసిస్ బెండయింది" అంటుంటారు చూడండి, అదన్నమాట.

నేను ఇక్కడ ఇంగ్లండులో, బర్మింగ్‌హామ్ దగ్గర ఒక వర్క్‌షాపులో పనిచేస్తాను. దెబ్బతిన్న బండ్ల ఫ్రేములు కొలిచి, అవి బాగుచేయడానికి పనికొస్తాయో లేదో చెప్పడం నా పనిలో ఒక భాగం. మా దగ్గరికి తెలుగు కుర్రాళ్ళు కూడా వస్తుంటారు. చదువుకోవడానికి వచ్చి, బస్సు ఖర్చు కలిసొస్తుందని పాత 125 సీసీ బండి కొనుక్కున్నవాళ్ళు కొందరు. ఉద్యోగంలో కుదురుకుని పెద్ద బండి సరదా తీర్చుకుంటున్నవాళ్ళు కొందరు. అందరూ అడిగేది ఒకటే ప్రశ్న: "అన్నా, ఫ్రేము వంగిందంటున్నారు. లాగిస్తే సరిపోతుందా, మార్చాలా?"

దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పడం కుదరదు. అయితే జవాబు తెలుసుకునే వరస ఒకటుంది. ముందు కొలతలు, తరవాత లోహం, ఆ తరవాత కాగితాలు. మనవాళ్ళు ఎక్కువగా దీన్ని తిరగేసి చేస్తారు. కాగితాలు శుభ్రంగా ఉన్నాయి కాబట్టి బండి బాగుందనుకుంటారు, కొలిచే దాకా రారు. అందుకే ఈ వరసలోనే చెప్పుకొస్తాను.

ఫ్రేము చేసే పనేమిటి? ఇంజనునీ, మనిషినీ మోయడం అందరికీ కనిపించే పని. కనిపించని పని ఇంకొకటుంది. రెండు చక్రాలనూ ఒకే గీతలో నిలబెట్టి ఉంచడం, ముందు ఫోర్కు ఎంత వాలుగా ఉండాలో అంతే వాలుగా పట్టి ఉంచడం. హ్యాండిలు కింద ఫోర్కు తిరిగే గొట్టం ఉంటుంది కదా, దాన్ని స్టీరింగ్ హెడ్ అంటారు. కోన్‌సెట్ కూర్చునే చోటు అదే. మామూలు రోడ్డు బండ్లలో ఇది నిట్టనిలువుకి 24, 25 డిగ్రీల వాలులో ఉంటుంది. క్రూయిజర్లలో 30 దాటడం కూడా కద్దు. ఆ గొట్టం గీతని అలాగే నేల దాకా పొడిగించామనుకోండి. అది టైరు నేలని తాకే చోటుకి కాస్త ముందు తగులుతుంది. ఈ రెండు చోట్ల మధ్య దూరాన్ని ట్రెయిల్ అంటారు. సుమారుగా 100 మిల్లీమీటర్లు ఉంటుంది.

సూపర్ మార్కెట్‌లో ట్రాలీ నెడుతుంటే దాని చిన్న చక్రాలు వాటంతటవే వెనక్కి తిరిగి, వెళ్ళే దిక్కుకి సర్దుకోవడం చూసే ఉంటారు. బండి ముందు చక్రం నిటారుగా పరిగెత్తడంలో ట్రెయిల్ చేసే సాయం అలాంటిదే. ఇప్పుడు ముందు నుంచి దెబ్బ తగిలి, ఆ గొట్టం అడుగు భాగం కొంచెం వెనక్కి జరిగిందనుకుందాం. వాలు ఒక్క డిగ్రీ తగ్గితే ట్రెయిల్ దాదాపు 6 మిల్లీమీటర్లు తగ్గిపోతుంది. ఒక్క డిగ్రీ తేడాని కంటితో పట్టుకోవడం దాదాపు అసాధ్యం. కానీ మోటర్‌వే మీద 70 మైళ్ళ వేగంతో పోతున్నప్పుడు చేతులకి తెలుస్తుంది. బండి హుషారుగా తిరుగుతున్నట్టుంటుంది కానీ నిలకడ ఉండదు. గతుకు తగిలితే హ్యాండిలు వణుకుతుంది. మెలి పడిన ఫ్రేము అయితే ఒక పక్కకి లాగుతుంది, ఎడమ మలుపులో ఒకలాగా, కుడి మలుపులో ఇంకోలాగా ఒరుగుతుంది.

గుద్దుకున్నప్పుడు ముందుగా వంగేది చాలాసార్లు ఫ్రేము కాదు. దెబ్బ ముందు చక్రానికి తగులుతుంది, అక్కణ్ణుంచి ఫోర్కు గొట్టాలకి, ఆ గొట్టాలని పట్టుకునే టీలకి, అక్కణ్ణుంచి స్టీరింగ్ హెడ్‌కి ఎక్కుతుంది. గొట్టాలు, టీలు వంగి దెబ్బంతా తినేస్తే ఫ్రేము బతికిపోతుంది. ఒక్కోసారి ఏదీ వంగదు కూడా. బండి పక్కకి పడిపోయి లేపాక హ్యాండిలు ఒక పక్కకి, చక్రం ఒక పక్కకి చూస్తుంటే గుండె జారిపోతుంది. తీరా చూస్తే టీలలో ఫోర్కు గొట్టాలు మెలి తిరిగి ఉంటాయి, అంతే. టీ బోల్టులూ, యాక్సిల్ బోల్టులూ వదులుచేసి, చక్రం నిటారుగా నిలిపి, మాన్యువల్లో చెప్పిన వరసలో చెప్పినంత బిగువుగా బిగిస్తే సరిపోతుంది. దీన్ని ఫ్రేము రిపేరని చెప్పి డబ్బు వసూలు చేసేవాళ్ళూ ఉండొచ్చు, జాగ్రత్త.

ఫోర్కు గొట్టం వంగిందో లేదో చూడాలంటే, దాన్ని బయటికి తీసి ఒక మందపాటి అద్దం మీద దొర్లించండి. గొట్టానికీ అద్దానికీ మధ్య వెలుతురు వచ్చీపోతూ కనిపిస్తే వంగినట్టే. వర్క్‌షాపులో డయల్ గేజి పెట్టి కొలుస్తాం. చాలా కంపెనీల మాన్యువళ్ళలో గరిష్ఠ పరిమితి 0.2 మిల్లీమీటర్లు. అంతకు మించితే గొట్టం మార్చాల్సిందే. వంగినదాన్ని సరిచేయబోతే బలహీనపడుతుందని మాన్యువళ్ళే హెచ్చరిస్తాయి.

ఇక ఫ్రేముకి ఇంట్లో చేసుకోదగ్గ పరీక్ష దారం పరీక్ష. తాపీమేస్త్రీ గోడ కట్టేటప్పుడు దారం పట్టి చూస్తాడు కదా, సరిగ్గా అదే. బండిని నిటారుగా స్టాండు మీద నిలబెట్టండి. ఒక దారాన్ని వెనక టైరు వెనకనుంచి చుట్టి, రెండు కొసలనీ రెండు పక్కలనుంచీ ముందుకు లాగండి. దారం వెనక టైరు ముందంచునీ వెనకంచునీ తాకీతాకకుండా ఉండాలి. ముందు టైరు సన్నంగా ఉంటుంది కాబట్టి దానికీ దారానికీ మధ్య కొంత ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ రెండు పక్కలా సమానంగా ఉందా లేదా అన్నదే ప్రశ్న. సమానంగా లేకపోతే వెంటనే ఫ్రేముని అనుమానించకండి. ముందు వెనక చక్రం చెయిన్ అడ్జస్టర్లు చూడండి. స్వింగ్ ఆర్మ్ మీద ఉండే గీతల్ని పూర్తిగా నమ్మడానికి లేదు. అవి సరిచేసి, ఫోర్కు మెలి తీసేసి, మళ్ళీ దారం పట్టండి. అప్పటికీ తేడా ఉంటే అప్పుడు ఫ్రేముని గానీ, స్వింగ్ ఆర్మ్‌ని గానీ అనుమానించాలి. కొన్ని మోడళ్ళలో కంపెనీయే వెనక చక్రాన్ని కొంచెం పక్కకి పెడుతుంది, ఆ సంగతి మాన్యువల్లో చూసుకోండి.

కంటితో వెతకాల్సిన గుర్తులు కూడా కొన్నున్నాయి. ట్యాంకు విప్పి స్టీరింగ్ హెడ్ వెనక వెల్డింగుల దగ్గర టార్చి వేసి చూడండి. పెయింటు సన్నగా చిట్లి ఉందా? గొట్టం మీద ముడత పడిందా? హ్యాండిలు పూర్తిగా తిప్పినప్పుడు ఆపే మొటిమలాంటి స్టాపరు ఫ్రేముకి ఉంటుంది. అది నలిగిందా, విరిగిందా? అది విరిగిందంటే పెద్ద దెబ్బే తగిలి ఉంటుంది. ఒక చోట మాత్రమే పెయింటు కొత్తగా మెరుస్తుంటే ఎందుకు వేశారో అడగండి.

ఇవన్నీ అనుమానం పుట్టించే పరీక్షలే. తీర్పు చెప్పేది జిగ్గు. స్టీరింగ్ హెడ్‌లోకి సరిగ్గా పట్టే కడ్డీ ఒకటి దూర్చి, స్వింగ్ ఆర్మ్ ఇరుసుని ఆధారంగా తీసుకుని, ఆ రెండింటి మధ్య కోణాలూ దూరాలూ కొలుస్తాం. లేజర్ పెట్టి కొలిచే పరికరాలూ ఉన్నాయి. ఎంత వాలు ఉండాలి, ఎంత ఉంది, మెలి ఎటువైపు ఎంత అన్నది అంకెల్లో వస్తుంది. వర్క్‌షాపుకి వెళ్ళినప్పుడు ఆ అంకెలు కాగితం మీద అడిగి తీసుకోండి. "చూశాం, బాగానే ఉంది" అన్న మాటకి విలువ లేదు.

కొలతలయ్యాయి. ఇప్పుడు లోహం సంగతి. ఇక్కడ మన విజయవాడ ఆటోనగర్ తలుచుకోవాలి. అక్కడి మేస్త్రీలు వంగిన ఫ్రేముని జాకీ పెట్టి లాగి, అవసరమైతే గ్యాస్ మంటతో కాల్చి సరిచేస్తారు. వాళ్ళ చేతి నేర్పు తక్కువదేమీ కాదు. మనం ఊళ్ళో నడిపిన మామూలు బండ్ల ఫ్రేములు ఎక్కువగా ఉక్కు గొట్టాలవి. మెత్తని ఉక్కు విరగకుండా వంగుతుంది, వంగింది మళ్ళీ వెనక్కి వస్తుంది. అందుకే ఆ పద్ధతి అక్కడ నడిచింది. చిక్కెక్కడ వస్తుందంటే, అదే ఆలోచనని ఇక్కడి అల్యూమినియం ఫ్రేముల మీదికి తెచ్చినప్పుడు.

1983లో సుజుకీ ఆర్‌జీ 250 గామా, 1985లో జీఎస్‌ఎక్స్-ఆర్ 750 వచ్చినప్పటినుంచీ స్పోర్ట్స్ బండ్లలో అల్యూమినియం ఫ్రేములు బాగా పెరిగాయి. తేలిక, బిగువు రెండూ ఉంటాయి. అయితే ఆ బలంలో చాలా భాగం ఆ మిశ్రమ లోహాన్ని వేడిచేసి చల్లార్చి తెప్పించిన పదును. ఉదాహరణకి 6061 అనే మిశ్రమ లోహం పదునుతో ఉన్నప్పుడు సుమారు 275 మెగాపాస్కల్స్ ఒత్తిడి దాకా శాశ్వతంగా వంగకుండా తట్టుకుంటుంది. పూర్తిగా కాల్చి పదును పోగొడితే అది 55 దగ్గరికి పడిపోతుంది, అంటే అయిదో వంతుకి. కమ్మరి కొలిమిలో చేసిన కత్తిని మళ్ళీ మంటలో పడేస్తే పదును పోయినట్టు. పైగా ఉక్కు కాలితే ఎర్రబడి హెచ్చరిస్తుంది. అల్యూమినియం ఎర్రబడకుండానే కరిగిపోతుంది. మంట పెట్టినవాడికి ఎంత వేడెక్కిందో కంటికి తెలియదు. కాల్చకుండా చల్లగా లాగితే చీలిక రావచ్చు. ఒక తీగని అటూ ఇటూ నాలుగుసార్లు వంచితే తెగిపోతుంది కదా, ప్రమాదంలో ఒకసారి వంగింది, మనం రెండోసారి వంచుతున్నాం.

అల్యూమినియం ఫ్రేముల్ని అసలు సరిచేయరా అంటే, చేస్తారు. అందుకు తగిన జిగ్గులున్న నిపుణులు ఇక్కడ ఉన్నారు. తేడా కొద్దిగా ఉండి, చీలిక లేకపోతే ఒప్పుకుంటారు, లేకపోతే పట్టుకోరు. పట్టుకోనని చెప్పగలిగే వర్క్‌షాపునే నమ్మండి.

ఉక్కులోనూ అన్నీ ఒకటి కావు. 1950లో నార్టన్ కంపెనీ ఫెదర్‌బెడ్ ఫ్రేముకి వాడిన రేనాల్డ్స్ 531 లాంటి మిశ్రమ ఉక్కు గొట్టాలు పలచగా ఉండి గట్టిగా ఉంటాయి. అలాంటివాటి మీద ఇష్టం వచ్చినట్టు మంట పెడితే ఆ గట్టిదనం పోతుంది. పాత ఇంగ్లీషు బండ్ల మీద మోజున్న శ్రోతలు ఇది గుర్తుపెట్టుకోవాలి.

సరిచేయడం ఎలా ఉంటుందో చూద్దాం. ఫ్రేముని స్వింగ్ ఆర్మ్ ఇరుసు దగ్గర కదలకుండా బిగిస్తారు. స్టీరింగ్ హెడ్‌లో బలమైన కడ్డీ పెట్టి హైడ్రాలిక్ జాకీతో నెమ్మదిగా లాగుతారు. వెదురు బద్దని వంచి వదిలితే కొంత వెనక్కి వస్తుంది కదా, లోహమూ అంతే. అందుకని కావలసినదానికంటే కొంచెం ఎక్కువ లాగి వదలాలి. వదిలాక కొలవాలి, మళ్ళీ లాగాలి, మళ్ళీ కొలవాలి. ఓపిక పని. చివర రంగు ద్రవం పూసి, తుడిచి, చీలికల్లో ఆ రంగు కనిపిస్తుందేమో చూస్తారు. గొట్టం నున్నగా వంగితేనే ఈ పద్ధతి పనికొస్తుంది. గొట్టం ముడతపడినా, నొక్కుకుపోయినా, వెల్డింగు దగ్గర చీలినా లాగడం వృథా. ఆ గొట్టం కోసి కొత్తది వెల్డింగు చేయాలి, లేదా ఫ్రేమే మార్చాలి. సీటు కింద ఉండే వెనక సబ్‌ఫ్రేము చాలా బండ్లలో బోల్టులతో బిగించి ఉంటుంది. అది వంగితే దాన్నొక్కదాన్నే మార్చుకోవచ్చు, భయపడక్కర్లేదు.

ఫ్రేము మార్చడమంటే బండి మొత్తం విప్పి మళ్ళీ కట్టడమే. ఇంజను దించాలి, వైరింగ్ అంతా తీయాలి. ఫ్రేము ధర కంటే పని కూలి ఎక్కువయ్యే సందర్భాలుంటాయి. అందుకే ఇన్స్యూరెన్స్ కంపెనీలు చాలాసార్లు బండిని రైటాఫ్ చేసి విలువ చేతిలో పెడతాయి.

ఇక్కడికి కాగితాల దగ్గరికి వచ్చాం. బ్రిటన్‌లో రైటాఫ్ అయిన బండ్లని నాలుగు తరగతులు చేస్తారు. ఏ అంటే మొత్తం తుక్కు. బీ అంటే భాగాలు వాడుకోవచ్చు, ఫ్రేము మాత్రం నాశనం చేయాలి. ఎస్ అంటే ఫ్రేములాంటి ముఖ్య నిర్మాణం దెబ్బతింది కానీ బాగుచేయొచ్చు. ఎన్ అంటే నిర్మాణానికి దెబ్బ లేదు. ఎస్, ఎన్ తరగతులు 2017 అక్టోబరులో వచ్చాయి. అంతకుముందు వాటి చోట సీ, డీ ఉండేవి, అందుకని పాత బండ్ల చరిత్రలో ఆ అక్షరాలు కనిపిస్తాయి. ఎస్ తరగతి బండికి కొత్త లాగ్‌బుక్ తీసుకోవాలి, అందులో ఆ తరగతి నమోదవుతుంది. ఎన్ తరగతి బండి అయితే పైపై గీతలు పడినదే కావచ్చు, అన్నీ చెడ్డవి కావు.

ఫ్రేము మార్చితే నంబరు మారుతుంది. ఆ సంగతి డీవీఎల్‌ఏకి తెలియజేయాలి, రసీదులు దాచుకోవాలి. కొత్త ఫ్రేము కొంటే నంబరు వ్యవహారం డీలరు ద్వారా ముందే తేల్చుకోండి. పాత ఫ్రేము కొంటే అమ్మేవాడి దగ్గర దాని నంబరు, అది ఏ బండిదో రుజువు అడగండి. బీ తరగతి బండి ఫ్రేము ఎంత చవకగా దొరికినా వద్దు. నంబరు గీకేసిన ఫ్రేము అయితే ఎక్కణ్ణుంచో దొంగిలించిందని అనుమానించాల్సిందే. మన దేశంలోనూ ఛాసిస్ నంబరు ఆర్‌సీలో ఉంటుంది కదా, ఇక్కడా అంత గట్టి విషయమే.

ఇందులో ఒక పెద్ద కన్నం ఉంది. తరగతి ఎప్పుడు పడుతుంది? ఇన్స్యూరెన్స్ కంపెనీ రైటాఫ్ చేసినప్పుడు. డబ్బు ఆదా చేద్దామని థర్డ్ పార్టీ పాలసీ తీసుకున్నవాడు తన తప్పుతో గుద్దుకుంటే తన బండికి క్లెయిము రాదు. ఫోర్కు మార్చి, హెడ్‌లైట్ మార్చి, రంగు వేయించి అమ్మేస్తాడు. ఆ బండి చరిత్ర తీసి చూస్తే కడిగిన ముత్యంలా ఉంటుంది. ఏటా చేసే ఎంఓటీ పరీక్షలో ఫ్రేము పైకి చూస్తారు, చక్రాల వరస చూస్తారు, కానీ జిగ్గు మీద పెట్టి స్టీరింగ్ హెడ్ కోణం కొలవరు. కాబట్టి శుభ్రమైన కాగితం, తాజా ఎంఓటీ రెండూ ఉన్నా ఫ్రేము వంకర లేదని హామీ ఏమీ లేదు.

ఒక తెలుగబ్బాయి ఇలాంటి బండే మా దగ్గరికి తెచ్చాడు. 500 సీసీ, ఉక్కు ఫ్రేము. వేగం పెరిగితే హ్యాండిలు వణుకుతోందన్నాడు. ఫోర్కు తళతళలాడే కొత్తది. అదే నాకు అనుమానం తెప్పించింది. జిగ్గు మీద పెడితే స్టీరింగ్ హెడ్ డిగ్రీన్నర మెలి తిరిగి ఉంది, పెయింటు గీకితే కింది గొట్టం వెల్డింగు దగ్గర చీలిక. లాగడానికి పనికిరాదు. ఫ్రేము మార్చాలంటే బండి విలువ దాటిపోతుంది. ఆ అబ్బాయి కాసేపు లెక్కలేసుకుని, "నాకూ ఎవరూ చెప్పలేదు కదన్నా. మన తెలుగువాళ్ళ గ్రూపులో పెట్టి అమ్మేస్తాను. నేను పెట్టింది నాకు వస్తే చాలు" అన్నాడు.

"ఆ గ్రూపులో బండి కొనేదెవరు తమ్ముడూ?" అని అడిగాను.

"సెప్టెంబరులో కొత్తగా వచ్చేవాళ్ళు" అన్నాడు. ఆ మాట పూర్తిచేసి తనే ఆగిపోయాడు. ఇంకో రెండు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు.

చట్టం సంగతి కూడా చెప్పాను. 1988 రోడ్ ట్రాఫిక్ చట్టం 75వ సెక్షన్ ప్రకారం రోడ్డు మీద నడపడానికి ప్రమాదకరమైన స్థితిలో ఉన్న బండిని నడుపుకోవడానికి అమ్మడం నేరం. డీలరు అమ్మినా, మామూలు మనిషి అమ్మినా ఒకటే. కానీ అతన్ని ఆపింది చట్టం అనుకోను. బండిని సార్న్ చేసి రోడ్డు మీదినుంచి తప్పించాడు. ఇంజను, చక్రాలు, ఫోర్కు, ట్యాంకు విడివిడిగా, ఏ బండివో చెప్పి అమ్మాడు. మిగిలిన ఫ్రేముని అధీకృత తుక్కు కేంద్రానికి అప్పగించి, డీవీఎల్‌ఏకి తెలియజేశాడు. పెట్టిన డబ్బు మొత్తం రాలేదు. సగానికి పైగా వచ్చింది.

కాబట్టి శ్రోతలకి నా మనవి ఇది. పాత బండి కొనేముందు దారం పరీక్షకి అరగంట ఇవ్వండి. అనుమానం ఉంటే కొనేముందే జిగ్గు మీద పెట్టించండి. బేరం కుదరకముందు కొలిస్తే ఖర్చు కొలత కూలి మాత్రమే. మీ బండే గుద్దుకుంటే, పైకి ఎంత బాగా కనిపించినా, ఫోర్కు మార్చడానికి ముందే ఫ్రేము కొలిపించండి. బాగుచేయిస్తే ముందు అంకెలు, తరవాత అంకెలు రెండూ రాయించుకోండి. రేపు అమ్మేటప్పుడు ఆ కాగితం దాచకుండా కొనేవాడి చేతిలో పెట్టండి. సరిగ్గా బాగుచేసిన ఫ్రేము మీద నమ్మకంగా తిరిగేవాళ్ళు ఎంతోమంది ఉన్నారు, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ధర కాస్త తగ్గుతుంది, తగ్గనివ్వండి.

జాగ్రత్తగా నడపండి, హెల్మెట్ పట్టీ బిగించుకోవడం మరిచిపోకండి. సెలవు.